ఒకాసియో-కోర్టెజ్, క్రౌలీ: జాతీయ అంశాల్లో తేడా ఎక్కడ?

ప్రశ్న: 2018 జూన్ 26న అమెరికా కాంగ్రెస్ సీటుకు న్యూయార్క్ 14వ జిల్లాలో జరిగిన డెమొక్రాటిక్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) కొత్త అభ్యర్థి అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్, అప్పటి సభ్యుడు జో క్రౌలీని ఓడించారు కదా. జాతీయ అంశాల మీద ఇద్దరికీ అసలు తేడా ఏమిటండీ?

జవాబు 1: అందరికీ మెడికేర్ (ప్రభుత్వమే అందరికీ ఆరోగ్య బీమా ఇవ్వడం) విషయంలో తేడా తక్కువే. దాని కోసం హౌస్‌లో (కాంగ్రెస్ దిగువ సభలో) పెట్టిన హెచ్‌ఆర్ 676 బిల్లుకు క్రౌలీ కూడా సహప్రతిపాదకుడే. వలసల దగ్గరే దారులు చీలాయి. వలస చట్టాలను అమలు చేసే ఫెడరల్ సంస్థ ఐసీఈని రద్దు చేయాలని ఆమె అన్నారు, ఆయన అంతదూరం వెళ్లలేదు. అందరికీ ఉద్యోగం ఇచ్చే ఫెడరల్ హామీ కూడా ఆమె పట్టుబట్టిన అంశం. కొత్త అభ్యర్థికి ఓటింగ్ రికార్డు ఉండదు కాబట్టి ఏ బిల్లు నంబరుకు మద్దతిస్తారో అడగాలి.

జవాబు 2: డబ్బు సంగతి కూడా చూడండి. ఆమె కార్పొరేట్ పీఏసీల (కంపెనీల తరఫున ఎన్నికల విరాళాలిచ్చే కమిటీల) విరాళాలు వద్దన్నారు. ఒక వ్యక్తి ఇచ్చిన మొత్తం 200 డాలర్లు దాటితే పేరు ఎఫ్‌ఈసీ (ఫెడరల్ ఎన్నికల సంఘం) నివేదికలో కనిపిస్తుంది.

జవాబు 3: గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసే మనవాళ్లకు "వలస సంస్కరణకు అనుకూలం" అన్న మాట చాలదు. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఉన్న 7 శాతం పరిమితి ఎత్తేస్తారా అని సూటిగా అడగాలి. ఉద్యోగ కోటాలో దాన్ని ఎత్తేసే హెచ్‌ఆర్ 1044 హౌస్‌లో 2019 జులైలో 365–65తో నెగ్గినా చట్టం కాలేదు. సెనేట్‌లో (ఎగువ సభలో) చర్చను సాగదీసి బిల్లును ఆపే అడ్డంకిని దాటాలంటే మామూలుగా 60 ఓట్లు కావాలి.