అప్‌డేట్: పోస్టర్ శీర్షికలో వత్తులు తెగడం ఆగింది

బరంపురం నాటకోత్సవం వెబ్ పేజీకి పాత సినిమా పోస్టర్ తరహా తెలుగు, ఒడియా శీర్షిక పెడితే వత్తులు తెగుతున్నాయని అడిగాను కదా. పరిష్కారమైంది, అందరికీ ధన్యవాదాలు.

అసలు తప్పు లైన్-హైట్ (వరుస ఎత్తు) 1, అంటే అక్షరం సైజుతో సమానం. దానికి తోడు ఓవర్‌ఫ్లో హిడెన్, పెట్టె దాటినదాన్ని దాచేసే సెట్టింగ్. ఇంగ్లీషుకు సరిపోయే ఆ ఎత్తులో ‘స్త్రీ’ కింది వత్తులకు చోటెక్కడిది? లైన్-హైట్ 1.5 చేసి, కింద 0.2 ఈఎమ్ (అక్షరం సైజులో ఐదో వంతు) ప్యాడింగ్, అంటే ఖాళీ, ఇచ్చాను. లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) సున్నా, పెంచితే వత్తు అక్షరాన్ని వదిలి జరిగిపోవచ్చు.

మొదట వాడిన రామభద్ర ఫాంట్‌కు ఉన్నది 400 (మామూలు) మందం ఒక్కటే. హెచ్1 (ప్రధాన శీర్షిక ట్యాగ్) దాన్ని బలవంతంగా బోల్డ్ చేయడంతో అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోయాయి. చివరికి తెలుగుకు బలూ తమ్ముడు 2, ఒడియాకు బలూ భాయినా 2 ఫాంట్లు పెట్టాను, రెండూ 700 (బోల్డ్) మందంలో. ఒకే కుటుంబం కాబట్టి గీత మందం కలిసింది. ఒడియాలో భాయినా అంటే అన్నయ్య. మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకు ఇంతకన్నా తగిన జోడీ నాకు కనిపించలేదు.

ప్రతి భాగానికీ లాంగ్ గుర్తు (అది ఏ భాషో బ్రౌజర్‌కు చెప్పేది) వేరుగా ఇవ్వడం మరవకండి.