పదో తరగతి పిల్లాడు పాట పాడాడు, అమ్మాయి ట్యూషన్ బ్యాచ్ మారిపోయింది. ఏం చెయ్యాలి?

కూర్మన్నపాలెం అమ్మ:

మావారు విశాఖ స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. అబ్బాయి పదో తరగతి. పోయిన శుక్రవారం మావారు బి షిఫ్టుకి వెళ్లాక, సాయంత్రం ఒకావిడ వాళ్ల అమ్మాయిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆ పాప మావాడితోపాటే లెక్కల ట్యూషన్‌కి వెళ్తుంది. వీధి మలుపు నుంచి వాళ్ల గేటు దాకా మావాడు సైకిల్ మీద వెనకాలే వస్తూ ఒక సినిమా పాట పాడుతున్నాడట. ఒకరోజు కాదు, వారం పాటు.

పాటలో బూతు లేదు. కాదన్నా వెనకే వస్తాను, ఔననే దాకా వదలను అనే అర్థం వచ్చే మాటలు. నేను కూడా వంట చేస్తూ పెట్టుకున్న పాటే అది. ట్యూన్ అంత బాగుంటుంది. ఆ పాప తలొంచుకుని మా గుమ్మంలో నిలబడ్డప్పుడే ఆ మాటలు నాకు మొదటిసారి వినిపించాయి.

వాణ్ణి అడిగితే "పాటే కదమ్మా, నేనేమన్నాను?" అన్నాడు. అబద్ధం ఆడట్లేదు. తను ఏదో అన్నట్టు వాడికి నిజంగానే అనిపించలేదు. నాకు భయం వేసింది అందుకే. ఆ పాప ఇప్పుడు పొద్దున్న ఆరింటి బ్యాచ్‌కి మారిపోయింది. తప్పు చేసింది మావాడు, చీకట్లో లేచి వెళ్తున్నది ఆ పిల్ల. ఇది నాకు నిద్ర పట్టనివ్వట్లేదు.

ఫోన్ లాక్కోమంటున్నారు మావారు. ఆటోలో, పెళ్లి ఊరేగింపులో, వినాయకచవితి పందిట్లో అదే పాట మోగుతుంటే ఫోన్ లాక్కుని ఏం లాభం? పాటల వల్ల పిల్లలు నిజంగా ఇలా అవుతారా? లేక నా పెంపకంలో తప్పుని పాట మీదకి తోసేస్తున్నానా? ఈ వయసు పిల్లలున్నవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ తెలుగు మాస్టారు, సీతమ్మధార:

అమ్మా, మీ పెంపకం మీద అనుమానం పెట్టుకోకండి. అలాగని పాటకి సంబంధం లేదనీ అనను. 2006లో అమెరికాలో 'పీడియాట్రిక్స్' అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 12 నుంచి 17 ఏళ్ల పిల్లల్ని 1,461 మందిని తీసుకుని, కొన్నేళ్ల తేడాతో మళ్లీ మళ్లీ అడిగి చూశారు. ఆడమనిషిని వస్తువులా, మగవాణ్ణి ఆగలేనివాడిలా చూపే పాటలు ఎక్కువగా విన్న పిల్లలు తొందరగా శారీరక సంబంధాల వైపు వెళ్లారు. శృంగారం ఉన్నా అలాంటి చిన్నచూపు లేని పాటల విషయంలో ఆ తేడా కనిపించలేదు. అంటే శృంగారం ఉందా లేదా అన్నది కాదు, అవతలి మనిషిని ఆ పాట ఎలా చూస్తోందన్నదే లెక్క.

1985లో అక్కడే కొందరు తల్లులు పట్టుబడితే ఆల్బమ్‌ల మీద హెచ్చరిక స్టిక్కర్లు మొదలయ్యాయి. కానీ మీరు చెప్పిన పాటకి ఏ స్టిక్కరూ పడదు. అందులో చెడ్డమాట ఒక్కటీ లేదు కదా.

నేను తొమ్మిదో తరగతిలో చేసినది చెప్తాను. ఇలాంటి పాట చరణం ఒకటి బోర్డు మీద రాశాను. ట్యూన్ లేకుండా, పద్యం చదివినట్టు కాకుండా, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతున్నట్టు చదవమన్నాను. మొదట నవ్వారు. మూడో కుర్రాడు చదివేసరికి నవ్వు ఆగిపోయింది. తర్వాత "ఈ పాటలో 'నువ్వు' ఉంది కదా, ఆ నువ్వు ఏం జవాబు చెప్తుందో రాయండి" అన్నాను. వెనక బెంచీ కుర్రాడొకడు "నాకు ఇంటికెళ్లాలనుంది" అని ఒక్క వాక్యం రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. బీచ్ రోడ్డులో శ్రీశ్రీ విగ్రహం దాటినప్పుడల్లా అనుకుంటాను, మాటకి అంత బలం ఉందని నమ్మిన ఊరు మనది, పిల్లలకి మాత్రం ట్యూనే వినడం నేర్పాం.

ఇంజనీరింగ్ సెకండియర్, మధురవాడ:

ఆంటీ, మేము లిరిక్స్ పట్టించుకోం, బీట్ వింటాం అని నేనూ అనేవాణ్ణి. ఇంటర్‌లో హాస్టల్లో ఉన్నప్పుడు ఒకమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది. రాత్రిళ్లు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒకే లవ్ ఫెయిల్యూర్ పాట విన్నాను, నెల రోజులు. నా బాధ చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. పాటలో ఉన్నవే నా మాటలైపోయాయి. ఆమె మోసం చేసిందని అందరికీ చెప్పాను. ఆమె ఏ మోసమూ చెయ్యలేదు. పాటలో అలా ఉంది, అంతే. మీవాడికి కూడా ఆ పాప అంటే ఇష్టం ఉండుంటుంది. "హాయ్" అనడం రాక పాట పాడాడేమో. తిట్టేముందు అది అడగండి.

ఇద్దరు ఆడపిల్లల నాన్న, గోపాలపట్నం:

ఇష్టం ఉంటే ఉండనివ్వండి. మా పెద్దమ్మాయి ఇలాగే ఆరు నెలలు చుట్టుతోవలో కాలేజీకి వెళ్లింది, మాకు చెప్పకుండా. వద్దంటున్నా ఒక ఆడపిల్ల వెంట పడటం 2013 నుంచి చట్టంలో నేరం. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. మీ అబ్బాయికి భయపెట్టడానికి కాదు, తెలియాలి కాబట్టి చెప్పండి. ఆ పాప ఆరింటి బ్యాచ్‌కి ఎందుకు వెళ్లాలి? ముందు అది చూడండమ్మా.

కూర్మన్నపాలెం అమ్మ:

అందరికీ దండాలు. మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. నిన్న రాత్రి అన్నాలయ్యాక పాట కాగితం మీద రాసిచ్చి, మామూలుగా చదవమన్నాను. రెండో లైను దగ్గర ఆగిపోయాడు. "అమ్మా, ఇది బెదిరించినట్టుంది" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. మధురవాడ బాబూ, నువ్వన్నది నిజమే. ఆ పాప మ్యాథ్స్ నోట్సు అడగాలని రెండు నెలలుగా అనుకుంటున్నాడట.

పడుకునే ముందు వాడే వచ్చి "ఆరింటి బ్యాచ్‌కి నేను వెళ్తాను, తనని సాయంత్రం బ్యాచ్‌కే రమ్మను" అన్నాడు. పొద్దున్నే వాళ్లమ్మగారికి ఫోన్ చేసి చెప్పాను. "మా అమ్మాయిని అడిగి చెప్తాను" అన్నారావిడ.