ఆక్ట్రియోటైడ్: 10 మైక్రోమోలార్‌లో రెటీనా కణాలన్నీ చచ్చాయి, 100 నానోమోలార్‌లో ఉలుకూ పలుకూ లేదు. ఎందుకని?

ఊదారంగు_ప్లేటు:
పీహెచ్‌డీ రెండో ఏడు. రెటీనా ఎండోథీలియల్ కణాల (రక్తనాళాల లోపలి పొర కణాలు) మీద ఆక్ట్రియోటైడ్ వేసి, పెరుగుదల తగ్గుతుందేమో చూస్తున్నాను. సొమాటోస్టాటిన్ హార్మోన్‌ని పోలిన మందు కదా, షుగర్ వాళ్ల కంట్లో కొత్త రక్తనాళాలు పుట్టకుండా ఆపుతుందేమోనని గైడ్‌గారి ఆశ. 96 గుంటల ప్లేటు, 10 శాతం సీరం (కణాలను పెంచే పదార్థాలుండే రక్తద్రవం), 72 గంటల తర్వాత ఎంటీటీ పరీక్ష (బతికున్న కణాలుంటే ఊదారంగు వస్తుంది).

1, 10, 100 నానోమోలార్ గుంటలు కంట్రోల్‌లాగే ముదురు ఊదా. 10 మైక్రోమోలార్‌లో (అంటే 10,000 నానోమోలార్) మాత్రం రంగే రాలేదు. మైక్రోస్కోప్‌లో చూస్తే కణాలు గుండ్రంగా ముడుచుకుని, ఉడికిన సగ్గుబియ్యంలా తేలుతున్నాయి. మూడుసార్లూ ఇంతే. "మందు పనిచేసింది, గ్రాఫ్ గీసెయ్" అన్నారు గైడ్‌గారు. నాకే మనసొప్పడం లేదు.

మందు మెడికల్ షాపులో కొన్న ఇంజెక్షన్ సీసా. పౌడర్ కావాలంటే పర్చేజ్ ఫైలు నెలల తరబడి తిరుగుతుంది.

కొత్తగా_చేరా:
కంట్రోల్‌లో ఏం పోశారండీ?

ఊదారంగు_ప్లేటు:
ఉత్త మీడియమే (కణాలు పెరిగే ద్రవం).

పాత_ఇంక్యుబేటర్:
అమ్మాయ్, ఆ సీసా లేబుల్ ఒకసారి తిప్పి చదువు. పలుమార్లు సూది గుచ్చి వాడే మల్టీడోస్ వయల్ అయితే, చెడిపోకుండా ఫీనాల్ కలుపుతారు, మిల్లీలీటరుకి 5 మి.గ్రా. దాకా. నీది మిల్లీలీటరుకి 200 మైక్రోగ్రాములదైతే, అణుభారం 1019 కాబట్టి దాదాపు 196 మైక్రోమోలార్. అంటే 10కి రావడానికి గుంటలో ఇరవయ్యో వంతు ఆ సీసా ద్రవమే పోశావు. ఫీనాల్ మిల్లీలీటరుకి పావు మిల్లీగ్రాము! చావక ఏం చేస్తాయి? 100 నానోమోలార్ దగ్గర అది రెండు వేలో వంతే, అందుకే హాయిగా ఉన్నాయి.

అసలు 10 మైక్రోమోలార్ దాకా ఎందుకు వెళ్లావు? ఈ మందు తన రిసెప్టర్‌ని (కణం మీద అది అతుక్కునే ప్రొటీన్) నానోమోలార్‌లోనే పట్టుకుంటుంది. నీ కణాల్లో ఆ రిసెప్టర్ ఉందో లేదో ముందు పీసీఆర్ చేసి చూడు. ఉంటే, సీరం తగ్గించు. 10 శాతం సీరంలో మందు ప్రభావం వెతకడం బ్యాండుమేళం పక్కన ఈల వినడమే. ఐజీఎఫ్-1 అనే పెరుగుదల ప్రొటీన్ వేసి కణాలను పెంచి, ఆ పెరుగుదలను ఇది ఆపుతుందేమో చూడు.

కంటిపాప:
ఈ ఆలోచన ల్యాబులో పుట్టింది కాదు. 1953లో పౌల్సన్ అనే డాక్టర్ ఒక కేసు రాశారు: కాన్పు తర్వాత పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్న ఒకావిడకి రెటీనాలోని షుగర్ జబ్బు తగ్గిపోయింది. ఆ గ్రంథి ఇచ్చే గ్రోత్ హార్మోన్‌నే సొమాటోస్టాటిన్ అణిచేది. ఆ తర్వాత చూపు నిలపడానికి పిట్యూటరీనే తీసేసే ఆపరేషన్లు కూడా చేశారు.

ఇంకోటి, పెప్టైడ్ ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది. పలచన చేసేటప్పుడు కాస్త బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్) కలపండి. ఎంటీటీ రంగునే నమ్ముకోకుండా ట్రిపాన్ బ్లూ (చచ్చిన కణాలకే పట్టే నీలిరంగు) వేసి కణాలు లెక్కపెట్టండి.

ఊదారంగు_ప్లేటు:
చూశాను. చీమ తలకాయంత అక్షరాల్లో ఫీనాల్ 5 మి.గ్రా. అని ఉంది. నిన్న మందు లేకుండా అంతే ఫీనాల్ ఆరు గుంటల్లో పోశాను. పొద్దున్న చూస్తే అదే సగ్గుబియ్యం. ఫొటో గైడ్‌గారికి పంపాను. బ్లూ టిక్ పడింది, జవాబు లేదు. పౌడర్‌కి ఇండెంట్ పెట్టేశాను.