రాత్రయితే ఫిక్స్ పోతోంది: ఐనోస్ఫియర్ తప్పా, సర్వేయర్ సాకా?

హోస్కోటె రోడ్డు: హోస్కోటె అవతల రోడ్డు పని చేస్తున్నాం. పగలు ట్రాఫిక్ వల్ల కొలతలు రాత్రికి పెట్టుకున్నాం. మార్చి వచ్చిన దగ్గర్నుంచి ఎనిమిది కాగానే ఆర్‌టీకే మెషిన్ (ఉపగ్రహాల సిగ్నళ్లతో సెంటీమీటర్ల కచ్చితత్వంతో చోటు కొలిచేది) 'ఫిక్స్', అంటే కచ్చితమైన లెక్క, పోయి 'ఫ్లోట్', అంటే ఉజ్జాయింపు, చూపిస్తోంది. సెంటీమీటర్లలో ఉండాల్సిన తేడా అర మీటరు దాకా పోతోంది. అడిగితే "ఐనోస్ఫియర్ సార్, అర్ధరాత్రి దాకా ఇంతే" అంటాడు సర్వేయర్. అప్పటిదాకా కూర్చున్న మనుషుల కూలి ఎవరివ్వాలి?

మారతహళ్లి బాబు: సాకే అన్నా. ఐనోస్ఫియర్, అంటే పై వాతావరణంలో ఎలక్ట్రాన్లుండే పొర, సిగ్నల్‌ను ఆలస్యం చేస్తుంది, నిజమే. కానీ ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ ఆ ఆలస్యం పెరుగుతుంది. జీపీఎస్ ఉపగ్రహాలు పంపే సిగ్నళ్లలో ఎల్1 1575.42 మెగాహెర్ట్జ్, ఎల్5 1176.45. రెండూ అందుకునే మెషిన్ ఆ తేడా పట్టుకుని ఆలస్యాన్ని లెక్కగట్టి తీసేస్తుంది. లక్షలు పోసి కొన్నది అందుకేగా? రాత్రి తొమ్మిదికి నా ఫోన్‌లో మ్యాప్ కూడా బాగానే నడుస్తోంది.

గాదంకి పక్కూరోడు: బాబూ, నువ్వు చెప్పింది ఆలస్యం గురించి. ఇక్కడ జబ్బు వేరే, సింటిలేషన్, అంటే సిగ్నల్ మినుకుమినుకుమనడం. పొద్దు గుంకాక ఐనోస్ఫియర్ కింది భాగంలో ఎలక్ట్రాన్లు త్వరగా తగ్గిపోతాయి, పైన మాత్రం దట్టంగానే ఉంటాయి. ఆ పై పొర అడుగు నుంచి ఎలక్ట్రాన్లు పలచబడ్డ బుడగలు పైకి లేస్తాయి. మా తిరుపతి దగ్గర గాదంకి రాడార్‌తో వీటిని గమనిస్తుంటారు. సిగ్నల్ వాటిలోంచి వస్తే బలం పడుతూ లేస్తూ ఉంటుంది. ఆర్‌టీకే బతికేది ఉపగ్రహం నుంచి తనదాకా ఎన్ని తరంగాలన్న లెక్క మీద. మధ్యలో ఒక్కసారి పట్టు తప్పినా ఆ లెక్క మళ్లీ మొదటికే. రెండో ఫ్రీక్వెన్సీ ఉన్నా లాభం లేదు, పైగా ఎల్5 తక్కువది కాబట్టి దానికే దెబ్బ ఎక్కువ.

ఈ బుడగలు పుట్టేది భూమి అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర, అది మన దేశం దక్షిణ కొస మీదుగా పోతుంది. 1963లో తొలి రాకెట్ ఎగిరిన కేరళలోని తుంబను ఎంచుకున్నది అందుకే. బెంగళూరు అక్కడికి ఎంతో దూరం కాదు. మార్చి, సెప్టెంబరు చుట్టుపక్కల నెలల్లో, సూర్యుడి మచ్చలు ఎక్కువున్న ఏళ్లలో ఈ గొడవ ముదురుతుంది. ఆ మచ్చలు పెరిగి తగ్గే సౌరచక్రం గరిష్ఠ దశకు చేరిందని అమెరికా సంస్థలు నాసా, నోవా 2024 అక్టోబరులో ప్రకటించాయి కూడా.

ఫోన్ సంగతంటావా, అది కొన్ని మీటర్లు తప్పినా మ్యాప్ నిన్ను రోడ్డు మీదికే లాగి చూపిస్తుంది. నీకెలా తెలుస్తుంది?

సీవీ రామన్ నగర్: ఇద్దరూ ఒకటి వదిలేశారండీ. బేస్ (తెలిసిన చోట స్థిరంగా పెట్టిన రిసీవర్) నుంచి మెషిన్‌కు అందే సవరణ, అంటే కరెక్షన్, మొబైల్ డేటాలో వస్తోందా? సాయంత్రం నెట్‌వర్క్ రద్దీలో అది ఆగినా ఫిక్స్ పోతుంది. మెషిన్ కంట్రోలర్‌లో 'కరెక్షన్ ఏజ్', అంటే చివరి సవరణ ఎన్ని సెకన్ల పాతదో, చూడండి. అది పెరుగుతూ పోతే సిమ్ మార్చండి. ఒకటి రెండు సెకన్లే ఉండి, ఆకాశంలో ఒక పక్క ఉపగ్రహాల సిగ్నల్ బలమే పడుతూ లేస్తూ ఉంటే గాదంకి ఆయన మాటే నిజం.

హోస్కోటె రోడ్డు: రాత్రి దగ్గరుండి చూశాను. ఏజ్ ఒక సెకనే. దక్షిణం పక్క ఉపగ్రహాల బలం మాత్రం పడుతూ లేస్తూ ఉంది.

మారతహళ్లి బాబు: సరే, ఆకాశానిదే అనుకుందాం. మార్చిలో ఇలా ఉంటుందని తెలిసినవాడు ముందే చెప్పొద్దా? మనుషుల్ని రప్పించాక చెప్తే ఎలా? కూలి సర్వేయరే కట్టాలి.

గాదంకి పక్కూరోడు: ప్రతి రాత్రీ రాదు బాబూ, పక్కాగా చెప్పడం ఎవరి తరమూ కాదు. కానీ ఈ నెలల్లో రిస్క్ ఉందని ఒక్క మాట అనాల్సింది, అది ఒప్పుకుంటా. అన్నా, కొలతలు తెల్లవారుజామున మూడుకు పెట్టుకోండి. తప్పనిసరైతే ఆ పూటకు టోటల్ స్టేషన్ (కాంతితో దూరం, కోణం కొలిచే పరికరం) తెప్పించండి, దానికి ఉపగ్రహాలతో పని లేదు.

హోస్కోటె రోడ్డు: మూడుకే పెడతాం. పాత రాత్రుల కూలి సగం అతని బిల్లులో కోస్తున్నా.

మారతహళ్లి బాబు: సగమెందుకన్నా, మొత్తం కోయి.