సైకిల్ దిగిన ప్రొలకి ట్రయథ్లాన్ ఎందుకు అచ్చిరాదు?

వెనకచక్రం:
సూటిగా అడిగేస్తున్నా. ప్రొఫెషనల్ సైక్లిస్టులు రిటైరయ్యాక ట్రయథ్లాన్‌కి వస్తే పైస్థాయిలో గెలవగలరా, లేదా? నా లెక్క ఇది. ట్రయథ్లాన్‌లో పొడవాటి రేసు ఐరన్‌మ్యాన్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు. ఎనిమిది గంటల్లో ముగించేవాళ్ళకి ఈత 50 నిమిషాల దరిదాపు, పరుగు 2 గంటల 45 నిమిషాల అటూ ఇటూ, మిగతాదంతా సైకిలే. అంటే రేసులో సగం పైన సీటు మీదే గడుస్తుంది. అలాంటప్పుడు టూర్ డి ఫ్రాన్స్ లాంటి మూడు వారాల రేసులు తొక్కి కాళ్ళు రాటుదేలినవాడు వచ్చి అందర్నీ ఊడ్చెయ్యాలి కదా? ఊడ్చెయ్యట్లేదు. కారణం ఈత అని ఒక్క ముక్కలో తేల్చేసి వెళ్ళిపోకండి, అది నాకూ తెలుసు.

పిక్కబలం:
ఈత కాదు, పరుగు. ఒక్క ముక్కలోనే చెప్పా, వెళ్ళిపోతున్నా.

పిక్కబలం:
సరే, వెళ్ళలేదు. 2018లో హవాయిలో జరిగిన ఐరన్‌మ్యాన్ ప్రపంచ చాంపియన్‌షిప్ గుర్తుందా? కామెరాన్ వర్ఫ్ 180 కిలోమీటర్లూ 4 గంటల 9 నిమిషాల 6 సెకన్లలో తొక్కి అప్పటికి కోర్సు రికార్డు పెట్టాడు. లిక్విగాస్, కానన్‌డేల్ లాంటి ప్రొ సైకిల్ జట్లకి తొక్కి వచ్చిన మనిషి. చివరికి వచ్చిన స్థానం తొమ్మిది. గెలిచిన పాట్రిక్ లాంగె సైకిల్ మీద అతనికంటే ఏడు నిమిషాలు వెనక, కానీ మారథాన్ 2 గంటల 41 నిమిషాల్లో లాగించేశాడు. అంతకుముందు ఏడాది కూడా సైకిల్ రికార్డు వర్ఫ్‌దే, గెలుపు లాంగెదే. సైకిల్ మీద సంపాదించిన ఏడు నిమిషాలూ పరుగులో ఇట్టే కరిగిపోతాయి గురూ.

గట్టునున్నవాడు:
పేరుకి తగ్గట్టు నేను గట్టున కూర్చుని చూసే బాపతు, ఆ హక్కుతోనే మాట్లాడుతున్నా. వర్ఫ్ 2019లో అదే హవాయిలో అయిదో స్థానంలోకి వచ్చాడు. 17, 9, 5. వరసగా మూడేళ్ళ స్థానాలు ఇవి. దీన్ని "అచ్చిరాలేదు" అంటారా? మనిషి నేర్చుకుంటున్నాడు అంటారు.

పిక్కబలం:
అతను సైక్లిస్టు కంటే ముందు పడవ నడిపినవాడు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా తరఫున రోయింగ్ చేశాడు. భుజాలు, వీపు ముందే ఉన్నాయి. ఉత్త సైక్లిస్టుని చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

తొక్కుడుబిళ్ళ:
ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటి ఉంది. నేను ప్రొ స్థాయి దాకా వెళ్ళలేదు, దానికి కింది మెట్టులో తొమ్మిదేళ్ళు రేసులు చేశా, మానేశాక ట్రయథ్లాన్‌కి వచ్చా. మొదటి నెలలో పరిగెడితే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఊపిరి అందుతోంది, గుండె తాపీగా కొట్టుకుంటోంది, అంతా తేలిగ్గా ఉంది. అదే వల. గుండె, ఊపిరితిత్తులు ఏళ్ళ తరబడి తయారై ఉన్నాయి కాబట్టి వేగంగా పరిగెత్తనిస్తాయి. ఎముకలకీ కీళ్ళకీ మాత్రం ఆ సంగతి తెలియదు, అవి అన్నేళ్ళూ సీటు మీద కూర్చున్నాయి. సైకిల్ తొక్కేటప్పుడు నేల దెబ్బ కాలికి తగలదు. పరుగులో ప్రతి అడుగుకీ ఒంటి బరువుకి రెండు మూడింతలు దిగుతుంది. ఏడో వారంలో ఎడమ మోకాలి కింద ముందు ఎముకలో, అరచేతి వెడల్పులో ఒకచోట వేలితో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి. ఎముకలో సన్నటి చీలిక. మూడు నెలలు మళ్ళీ సైకిలే గతి.

తర్వాత చదివితే తెలిసింది, రోడ్డు సైక్లిస్టుల వెన్నెముకలో ఎముక సాంద్రత తక్కువగా ఉండటం వైద్యులు చాలాసార్లు గమనించిన విషయమేనట. బరువు మోయని ఆట, ఎప్పుడూ ఒళ్ళు తగ్గించుకునే తిండి, చెమటలో పోయే కాల్షియం అన్నీ కలిసి. కాబట్టి ప్రొ సైక్లిస్టుకి కాళ్ళు రాటుదేలాయి అన్నారు చూడండి, కండరాలు రాటుదేలతాయి, ఎముకలు కాదు.

వెనకచక్రం:
ఇది నాకు కొత్త. మరి దీనికి మందేంటి?

తొక్కుడుబిళ్ళ:
నత్త నడక. మొదటి ఆరు నెలలు నీ గుండె ఎంత పరిగెత్తమంటుందో అందులో సగం పరిగెత్తడం. రోజూ రేసుల్లో ఎదుటివాణ్ణి తరమడం అలవాటైన మనిషికి అది శిక్ష. ప్రొ అయితే ఇంకా కష్టం, వాడికి చేతిలో ఉన్నవే మూడు నాలుగేళ్ళు.

మూడోలేన్:
నేను ఈత నేర్పుతాను. రేసులు మానేసిన ఒక సైక్లిస్టుకి ఏడాదిపాటు నేర్పాను, పేరు చెప్పను. మొదటి రోజు చేతికి నీళ్ళలో తేలే పలక, అదే కిక్‌బోర్డ్, ఇచ్చి కాళ్ళు మాత్రమే ఆడిస్తూ అవతలి గట్టుకి వెళ్ళమన్నాను. వెనక్కి వెళ్ళాడు. నిజంగానే వెనక్కి. అంత బలమైన తొడలు, నీళ్ళు తుకతుకా ఉడికినట్టు చిమ్ముతున్నాయి, మనిషి మాత్రం అంగుళం అంగుళం నా వైపే వస్తున్నాడు. పక్క లేన్లో పదేళ్ళ పాప అతన్ని దాటి వెళ్ళి, తిరిగి వస్తూ ఇంకోసారి దాటింది.

ఎందుకంటే చీలమండ. పెడల్ మీద ఏళ్ళ తరబడి బిగుసుకున్న చీలమండ తిన్నగా చాచుకోదు. పాదం తోకలా వెనక్కి వాలాలి, అతనిది నాగలిలా కిందికి దిగి నీటిని పట్టేస్తోంది. పైగా సన్నటి భుజాలు, బరువైన కాళ్ళు, కాబట్టి నడుము కింద భాగం మునుగుతుంది. అప్పుడు అతను ఈదడం లేదు, ఏటవాలుగా వేలాడుతూ నీటిని తోస్తున్నాడు. బలం పెంచితే ఇది పోదు. బలంతో అన్నీ సాధించినవాడికి ఈ సంగతి ఒంటికి ఎక్కడానికే నాలుగు నెలలు పట్టింది.

పిక్కబలంగారు పరుగు అన్నారు, కాదనను. కానీ ఈతలో పోయేది ఆ కొన్ని నిమిషాలు మాత్రమే కాదు. ముందు గుంపుతో కలిసి నీళ్ళలోంచి బయటపడకపోతే సైకిల్ మీద ఒంటరిగా మిగిలిపోతారు.

గట్టునున్నవాడు:
ఆగండాగండి, ఐరన్‌మ్యాన్‌లో డ్రాఫ్టింగ్ నిషేధం కదా? ముందువాడి వెనక దాక్కోకూడదు. అలాంటప్పుడు ఒంటరి అయితే ఏంటి, గుంపు అయితే ఏంటి?

మూడోలేన్:
నిషేధమే, కానీ ప్రొలకి చాలా ఏళ్ళు ఆ దూరం 12 మీటర్లుగా ఉండేది. గంటకి 45 కిలోమీటర్ల వేగంలో పది మంది 12 మీటర్ల ఎడంతో బారులు తీరితే, వెనకున్నవాళ్ళకి నియమం మీరకుండానే కొంత గాలి ఆదా అవుతుంది. ఈతలో వెనకబడ్డ సైక్లిస్టు ఆ బారుని పట్టుకోవడానికే తన బలమంతా ఖర్చు పెడతాడు.

తొక్కుడుబిళ్ళ:
అందుకే 20 మీటర్లు చెయ్యమని ఏళ్ళ తరబడి గొడవ జరిగింది. టీ100 అనే 100 కిలోమీటర్ల ప్రొ ట్రయథ్లాన్ రేసుల్లో 20 మీటర్లే. దూరం పెరిగేకొద్దీ అసలు తొక్కగలిగేవాడు ఎవడో బయటపడతాడు. సైక్లిస్టులు ఓడిపోతున్నారు అనే ముందు వాళ్ళ ఆయుధాన్ని నియమాలే ఎంత మొద్దుబార్చాయో చూడండి. ఒలింపిక్ దూరం అయితే మరీనూ. 1.5 కిలోమీటర్ల ఈత, తర్వాత 40 కిలోమీటర్లు గుంపుగా డ్రాఫ్టింగ్ చేసుకుంటూ తొక్కొచ్చు, ఆఖర్న 10 కిలోమీటర్ల పరుగు. అక్కడ సైకిల్ మొనగాడు నలుగురికి గాలి ఆపి పెట్టే గోడ, అంతే.

పిక్కబలం:
బాసూ, ఆయుధం ఆయుధం అంటున్నావు గానీ సైక్లిస్టులు తొక్కే పద్ధతే వేరు. రోడ్డు రేసులో నాలుగు గంటలు గుంపులో దాక్కుని, ఆఖరి కొండ మీద పేలిపోయి, గీత దాటాక హ్యాండిల్ మీద పడిపోవచ్చు. ఎవడో వచ్చి నీళ్ళ సీసా ఇస్తాడు, భుజం పట్టుకుంటాడు. ట్రయథ్లాన్‌లో గీత దాటాక సైకిల్ తగిలించి బూట్లు తొడుక్కుని 42 కిలోమీటర్లు పరిగెత్తాలి. బాగా తొక్కడం అంటే ఇక్కడ అందరికంటే వేగంగా తొక్కడం కాదు, పరుగుకి సరిపడా కాళ్ళు మిగిలేలా తొక్కడం. సామ్ లైడ్‌లో అనేవాడు 2024 హవాయిలో 3 గంటల 57 నిమిషాల్లో తొక్కేశాడు, వర్ఫ్ రికార్డు కంటే దాదాపు 12 నిమిషాలు ముందు. చివరికి 18వ స్థానం. అతను అంతకుముందు ఏడాదే ఫ్రాన్స్‌లోని నీస్‌లో ప్రపంచ చాంపియన్ అయిన పక్కా ట్రయథ్లెట్. వాడికే ఆ గతి పడితే!

గట్టునున్నవాడు:
నార్మన్ స్టాడ్లర్‌ని మర్చిపోయారు. 2004లోనూ 2006లోనూ సైకిల్ మీద తెచ్చుకున్న ఆధిక్యంతోనే హవాయి గెలిచాడు. అయ్యే పనే.

పిక్కబలం:
అతను పరుగు, సైకిల్ కలిసిన డ్యూయథ్లాన్ నుంచి వచ్చాడు. పరుగెత్తడం తెలిసినవాడు. నా మాటే నిజం చేస్తున్నావు.

వెనకచక్రం:
సరే, ఉత్త సైక్లిస్టు కావాలన్నారుగా. స్టీవ్ లార్సెన్. రోడ్డు మీదా మౌంటెన్ బైక్ మీదా ప్రొగా చేసి, 2001లో ట్రయథ్లాన్‌కి వచ్చిన కొత్తలోనే లేక్ ప్లాసిడ్ ఐరన్‌మ్యాన్ గెలిచాడు, అదే ఏడాది హవాయిలో తొమ్మిదో స్థానం. ఇంకొకరు, లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్. 2012లో ఫ్లోరిడా, హవాయి హాఫ్ ఐరన్‌మ్యాన్‌లు గెలిచాడు.

పిక్కబలం:
లార్సెన్‌ని ఒప్పుకుంటా. ఆర్మ్‌స్ట్రాంగ్‌ని ఎలా లెక్కేస్తావు? సైకిల్ కంటే ముందే టీనేజీలో ప్రొ ట్రయథ్లెట్ అతను. వచ్చింది కొత్త ఇంటికి కాదు, పుట్టింటికి. అసలు ఆ 2012లోనే డోపింగ్ అభియోగాలు వచ్చి నీస్ రేసుకి ముందే ఆపేశారు. ఆ మందులు ఎన్నాళ్ళు పనిచేశాయో, ఎంత మిగిలాయో ఎవడు లెక్కగడతాడు? ఆ పేరు పక్కన పెట్టండి.

మూడోలేన్:
ఎమ్మా పూలీ గురించి ఎవరూ అనలేదే. 2008 బీజింగ్‌లో టైమ్ ట్రయల్ (గడియారంతో పోటీపడుతూ ఒంటరిగా తొక్కే రేసు) రజతం, 2010లో ప్రపంచ చాంపియన్. 2014లో రోడ్డు రేసులు మానేసి ట్రయథ్లాన్ వైపు వచ్చింది. 2014 నుంచి 2017 దాకా వరసగా నాలుగుసార్లు ప్రపంచ విజేత అయింది, అయితే ట్రయథ్లాన్‌లో కాదు, జోఫింగెన్ డ్యూయథ్లాన్‌లో. పరుగు, సైకిల్, మళ్ళీ పరుగు. నీళ్ళు లేవు! ఇంతకంటే నేనేం చెప్పాలి. ఆవిడకి ముందు నుంచీ పరుగు అలవాటు, అది పిక్కబలంగారి ఖాతా. నీళ్ళు తీసేస్తే చాంపియన్, అది నా ఖాతా.

తొక్కుడుబిళ్ళ:
ఎదురు దారిలో వెళ్ళినవాళ్ళని చూస్తే ఇంకా స్పష్టం. క్రిస్టిన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రయథ్లెట్, తుంటి కీళ్ళు అరిగి పరుగు మానాల్సి వచ్చి సైకిల్ పట్టుకుంది. 2008, 2012, 2016 మూడు ఒలింపిక్స్‌లో టైమ్ ట్రయల్ స్వర్ణాలు. టేలర్ నిబ్ 2024 పారిస్‌లో ట్రయథ్లాన్‌తోపాటు సైకిల్ టైమ్ ట్రయల్ కూడా చేసింది. ట్రయథ్లాన్ నుంచి సైకిల్‌కి రోడ్డు దిగుడు, సైకిల్ నుంచి ట్రయథ్లాన్‌కి రోడ్డు ఎగుడు. సైకిల్ పాతికేళ్ళకి మొదలెట్టినా నేర్చుకోవచ్చు. ఈత అలా కాదు.

నంబరు1147:
చర్చ బాగానే ఉంది కానీ మీరంతా గెలుపు గురించే కొట్టుకుంటున్నారు. నా కడుపుమంట వేరు. రిటైరైన ప్రొలు ప్రొ విభాగంలోకి రాకుండా మాతో ఏజ్ గ్రూపులో, అంటే వయసుల వారీ అమెచ్యూర్ విభాగంలో, దిగుతారు చూడండి, దాని సంగతేంటి? లోరాన్ జలబేర్ పదమూడేళ్ళకి పైగా ప్రొగా తొక్కి 2007లో హవాయికి వచ్చాడు. వినోకురోవ్ 2012 లండన్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచి రిటైరై ఏజ్ గ్రూపులో దిగాడు. పైగా 2007లో రక్తం డోపింగ్‌లో దొరికి నిషేధం అనుభవించిన మనిషి. ఉద్యోగం చేసుకుంటూ తెల్లారగట్ల నాలుగింటికి లేచి తొక్కే నేను, జీవితమంతా అదే ఉద్యోగంగా చేసినవాడితో హవాయి వెళ్ళే అర్హత సీటు కోసం పోటీ పడాలా?

గట్టునున్నవాడు:
వయసు ఒకటే కదా, ఏడుపెందుకు?

నంబరు1147:
వయసు ఒకటే, గుండె ఒకటి కాదు బ్రో. వాడి ఎడమ జఠరిక ఏళ్ళ తరబడి జీతం తీసుకుని పెరిగింది.

మూడోలేన్:
మీ బాధ అర్థమైంది. కానీ ఎక్కడ గీత గీస్తారు? కాలేజీ రోజుల్లో జాతీయ స్థాయిలో ఈదిన మనిషి నలభై ఏళ్ళకి వచ్చి ఏజ్ గ్రూపులో మిమ్మల్ని పది నిమిషాలు వెనక్కి నెడితే ఎవరూ నోరెత్తరు. సైక్లిస్టు అయితే మాత్రం అన్యాయం. డోపింగ్ చరిత్ర ఉన్నవాళ్ళ విషయంలో మీతో ఏకీభవిస్తాను, మిగతావాళ్ళ మీద కోపం నాకు అర్థం కాదు.

నంబరు1147:
సీటు నాది పోతే అర్థమవుతుంది లెండి.

తొక్కుడుబిళ్ళ:
అసలు వాళ్ళు ఎందుకు వస్తారో అడగండి. ఇరవై ఏళ్ళు పొద్దున లేవగానే ఈ రోజు ఎంతసేపు తొక్కాలి, ఏం తినాలి అని ఎవరో ఒకరు చెప్పిన మనిషికి ఓ రోజు హఠాత్తుగా ఎవరూ ఏమీ చెప్పరు. నాకు చిన్న స్థాయిలోనే పిచ్చెక్కింది. ఆండ్రూ టలాన్‌స్కీ 2014లో ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద సైకిల్ రేసు క్రిటేరియం డు డోఫినే గెలిచినవాడు, 2017లో 28 ఏళ్ళకే రోడ్డు వదిలేసి ట్రయథ్లాన్‌కి వచ్చాడు. అక్కడ జట్టు లేదు, నాయకుడి కోసం సీసాలు మొయ్యడం లేదు, నువ్వు ఓడిపోతే నువ్వే ఓడిపోతావు. ఏళ్ళ తరబడి ఇంకొకడి కోసం గాలి మింగినవాడికి అది ఎంత ఊరటో మీకు తెలియదు. గెలవడానికే వస్తారని మీరు అనుకుంటున్నారు.

వెనకచక్రం:
అది సరిగ్గా తగిలింది. ఎందుకంటే ఊరికే అడగలేదు నేను. ముప్పై ఆరేళ్ళు, పోయిన సీజన్‌తో రేసులు మానేశా. పేరున్నవాణ్ణి కాదు, సీసాలు మోసిన బాపతే. ఈత అంటే మునగకుండా ఉండటం వరకే వచ్చు. రేపు పొద్దున పూల్‌కి వెళ్తున్నా. మూడోలేన్‌గారూ, ఆ కిక్‌బోర్డ్ పరీక్ష చేసి చెప్తా.

మూడోలేన్:
చీలమండ వదులు చేసుకుని వెళ్ళండి. మోకాళ్ళ మీద కూర్చుని పాదాలు వెనక్కి చాచి, మడమల మీద బరువు వేసి రెండు నిమిషాలు. కండరం పట్టేస్తే ఆపండి.

పిక్కబలం:
పరుగు మొదటి నెల హాయిగా ఉంటే నమ్మకు. పైన తొక్కుడుబిళ్ళ చెప్పిన కాలి ఎముక కథ ఇంకోసారి చదువు.

వెనకచక్రం:
వెళ్ళొచ్చా. ముందుకీ పోలేదు, వెనక్కీ పోలేదు. అయిదు నిమిషాలు ఉన్నచోటే ఉన్నా. లైఫ్‌గార్డ్ వచ్చి బాగానే ఉన్నారా అని అడిగాడు.