చెన్నై కాసిమేడు చేపల రేవులో చేప రేటు ఇంతుంటే పడవకు దక్కేదెంత?

ప్రశ్న: నిన్న తెల్లారే కాసిమేడు వెళ్లి వంజరం రేటు విని గుండె ఆగినంత పనైంది. మరి చిన్న పడవలవాళ్లకి అప్పులెందుకండీ?

జవాబు: మా మామయ్యది ఫైబర్ పడవ. డీజిల్, ఐసు ఖర్చు పోగా మిగిలిందే పడవకూ మనుషులకూ వాటాలు. వలకి అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారికే చేప పోయాలి, ఆయన చెప్పిందే రేటు.

ఇంకొకరు: ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు ట్రాలర్లకు, అంటే వల ఈడ్చే పెద్ద మరపడవలకు, వేట నిషేధం సరే, మిగతా రోజుల్లో? ఒడ్డు దగ్గరి నీళ్లు చిన్న పడవలకని తమిళనాడు 1983 చట్టం ఉన్నా, ట్రాలర్లు సన్నకంటి వలలతో వచ్చి వేలెడంత చేపపిల్లల్ని కూడా ఊడ్చేస్తే రేపు పెరిగేదేంటి? కడుపు మండుతుంది.

ప్రశ్న అడిగినవారు: మత్స్యకారుల సహకార సొసైటీ అప్పిస్తే వ్యాపారి ముడి తెగదా?

జవాబు: గాలివాన రోజుల్లో బియ్యానికి వెంటనే డబ్బిచ్చేది ఆయనే కదండీ.