అప్‌డేట్: సన్‌ప్యాక్ షీట్ అంచు కరగకుండా తెగుతోంది

నల్లగొండలో సైన్‌బోర్డు పనికి 5 ఎంఎం సన్‌ప్యాక్ షీట్‌ను (లోపల సందులుండే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ షీట్) సీఎన్‌సీ రూటర్‌పై (తిరిగే బిట్‌తో కోసే కంప్యూటర్ యంత్రం) కోస్తుంటే అంచు కరిగి నూగు మిగులుతోందని ఇదివరకు ఇక్కడ అడిగాను. సింగిల్ ఫ్లూట్ (ఒకే పన్ను ఉన్న) బిట్ వాడమన్న అన్నలకు థ్యాంక్స్, ఫలితం బాగుంది.

చెక్కకు వాడే రెండు పళ్ల బిట్ 18,000 ఆర్‌పీఎంలో (నిమిషానికి అన్ని చుట్లు) కోయడం కంటే రుద్దడమే ఎక్కువ. పాలీప్రొపిలీన్ దాదాపు 160 డిగ్రీలకే కరిగి బిట్‌కు చుట్టుకుంటుంది. ఇప్పుడు 3 ఎంఎం సింగిల్ ఫ్లూట్, 12,000 ఆర్‌పీఎం, నిమిషానికి 3,000 ఎంఎం ఫీడ్ (బిట్ ముందుకు కదిలే వేగం), ఒకటే పాస్ (ఒకేసారి పూర్తి లోతు). బిట్ షీట్ కింద వేసిన ఎండీఎఫ్ చెక్క బోర్డులోకి 0.2 ఎంఎం దిగాలి, లేకుంటే అడుగు పొర తెగక పోగులు వేలాడతాయి. షీట్ అంచుల్లో బిగిస్తే చాలదు. అప్‌కట్ బిట్ (పొట్టును పైకి తోసేది) షీట్‌ను పైకి లాగుతుంది కాబట్టి మధ్యలోనూ డబుల్ సైడ్ టేప్ వేయాలి.

తిన్నని కోతలకు మాత్రం నా ఓటు డ్రాగ్ నైఫ్‌కే (రూటర్‌కు బిగించి, లాగుతూ కోసే బ్లేడ్). స్పిండిల్ తిరగదు, వేడి రాదు, పొట్టు ఉండదు. లోపలి సందులకు అడ్డంగా ఒకేసారి లోతుగా దించితే షీట్ అణిగిపోతుంది; ముందు సగం లోతు, తర్వాత పూర్తిగా. సాఫ్ట్‌వేర్‌లో బ్లేడ్ ఆఫ్‌సెట్ (బ్లేడ్ మొనకూ అది తిరిగే కేంద్రానికీ మధ్య దూరం) ఇవ్వకపోతే మూలలు గుండ్రమవుతాయి. బ్లేడ్ కొంచెం మొద్దుబారినా మార్చేయండి, పొర చిరిగిపోతుంది.